జ్యేష్ఠంలో పొడుగు నీడ

పోయిన నెల సన్నీబ్యాంక్ నుంచి ఎలెనీ ఫోన్ చేసింది. నా చిన్నప్పుడు బ్రిస్బేన్‌లోని ఆ పేటలో మేమున్న ఇంటికి కంచె అవతలి ఇల్లు వాళ్ళది. వాళ్ళ నాన్న కాన్ తొంభై అయిదేళ్ళు బతికి కిందటేడు పోయాడు. ఇల్లు అమ్మడానికి గరాజ్ ఖాళీ చేస్తుంటే, మేకులు వేసుకునే బిస్కెట్ డబ్బా అడుగున మడత పెట్టిన కాగితం ఒకటి దొరికిందట. "ఒక పక్కన నాన్న గ్రీకు రాత ఉంది సుధా, ఇంగ్లీషులో నీ పేరుంది. మిగతా అక్షరాలన్నీ గుండ్రంగా ఉన్నాయి. మీవే కదా?" అంది. మావే అన్నాను. ఇప్పుడు నేనుంటున్న క్యాన్‌బెర్రాకి, హారిసన్‌లోని మా ఇంటికి, నాలుగు రోజుల్లో ఆ కవరు వచ్చింది. భోజనాల బల్ల తుడిచి, చేతులు కడుక్కుని మరీ విప్పాను. ఒక పక్క మూడు వరుసల మాటల పట్టిక: తెలుగులో తాతయ్య రాత, గ్రీకులో కాన్ రాత, మధ్యలో ఇంగ్లీషులో పదకొండేళ్ళ నా కోడికెలుకుడు. రెండో పక్క స్కేలు పెట్టి గీసిన రాశిచక్రం, దాని మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్రసిరాతో కొట్టివేత. ఆ చక్రాన్ని తాతయ్య ఎప్పుడో కాల్చేశారని ముప్పై ఏళ్ళకు పైగా నమ్ముతూ వచ్చాను. దాని కింద సన్నటి అక్షరాలతో మూడు వాక్యాలున్నాయి. అవి అంతకు ముందు నేను చూడలేదు.

తాతయ్య అంటే అమ్మ వాళ్ళ నాన్న. పిఠాపురంలో లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి, పంచాంగ గణితం క్షుణ్ణంగా తెలిసినవారు. అమ్మమ్మ అప్పటికే లేదు. అమ్మకు రెండో కాన్పు వచ్చేసరికి, పిల్ల పుట్టింటికి రాలేకపోతే పుట్టింటివాళ్ళే పిల్ల దగ్గరికి వెళ్ళాలని ఆయనే విమానం ఎక్కారు. ఎయిర్‌పోర్టులో ఆవకాయా కరివేపాకుపొడీ లాగేసుకున్నారు గానీ పంచాంగం జోలికి మాత్రం రాలేదని చాలా రోజులు చెప్పుకున్నారు. ఆయన వచ్చాక మా ఇంటి వాసనే మారిపోయింది. అప్పటిదాకా టోస్టూ, బట్టల పౌడరూ, తలుపు తీస్తే యూకలిప్టసూ. ఇప్పుడు పొద్దున్నే ఆయన తెచ్చిన ఇత్తడి ఫిల్టరులోంచి కాఫీ, ఆ వెనకే విభూతి. పంచె మీద నాన్న స్వెటరు, దాని మీద మఫ్లరు, కాళ్ళకు నా స్కూలు సాక్సు వేసుకుని, లాండ్రీ గదిలో తూర్పు తిరిగి సంధ్య వార్చుకునేవారు. మరో అలవాటు కూడా ఉండేది. ఆయన ఏది రాసినా అర్జీలాగే రాసేవారు. పాలవాడికి చీటీ పెట్టమంటే "అయ్యా, రేపటి నుంచి ఒక కార్టనుకు బదులు రెండు కార్టన్లు ఇప్పించవలసినదిగా ప్రార్థన. ఇట్లు, తమ విధేయుడు" అని చక్కటి ఇంగ్లీషులో రాసి, సంతకం చేసి, కింద "రిటైర్డు లెక్కల మాస్టరు" అని హోదా కూడా వేశారు. పాలవాడు ఆ చీటీని దాచుకున్నాడని నాన్న అనేవారు.

తమ్ముడు జూన్‌లో పుట్టాడు. నాన్న హాస్పిటల్ నుంచి ఫోన్ చేసినప్పుడు నేను తాతయ్య మఫ్లరు చుట్టుకుని వంటింట్లో హీటర్ ముందు కూర్చుని ఉన్నాను. తాతయ్య మొదట "తల్లీ బిడ్డా కులాసాయేనా?" అని అడిగారు. తర్వాత "టైమెంత?" అన్నారు. పొద్దున అయిదూ నలభై. గోడ క్యాలెండర్ మీద అక్కడికక్కడే రాసుకున్నారు. జ్యేష్ఠ బహుళ చవితి, శ్రవణా నక్షత్రం. వాడి పేరు శ్రవణ్ అని అప్పుడే తేలిపోయింది. మధ్యాహ్నం బల్ల మీద కాగితాలు పరుచుకుని లెక్క మొదలుపెట్టారు. పెన్సిలు చెక్కి ఇవ్వడం నా పని. ఆయన లెక్క చేస్తుంటే చూడడం నాకు భలే సరదాగా ఉండేది, పెదవులు కదులుతాయి, ఎడమచేతి బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద పరుగెడుతుంది. ఆ రోజు మాత్రం సగంలో వేలు ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి చేశారు. మళ్ళీ అక్కడే ఆగింది. కాగితం మడిచి పంచాంగంలో పెట్టేసి, కాఫీ తాగకుండానే పెరట్లోకి వెళ్ళిపోయారు.

అమ్మ ఇంటికి వచ్చాక రోజూ ఒకసారి అడిగేది. "జాతకం వేశారా నాన్నా?" "వేస్తానమ్మా, తొందరేవుంది" అనేవారు ఆయన. నామకరణం నాడు కూడా అదే మాట. పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని ముఖంలోకి చూస్తూ కూర్చునేవారు, తీసుకుపోతానంటే ఇచ్చేవారు కాదు. రెండోసారి కాఫీ అడగడం మానేశారు. నేను ఊరుకునే పిల్లను కాదు. ఒక సాయంత్రం బట్టలు తీస్తున్నప్పుడు ఆ కాగితం చూపించమని వెంటపడ్డాను. చాలాసేపు బతిమాలించుకుని చెప్పారు. "లగ్నం మిథునం అయింది అమ్మడూ. చంద్రుడు మకరంలో ఉన్నాడు. అంటే లగ్నం నుంచి ఎనిమిదో ఇల్లు. దాన్ని బాలారిష్టం అంటారు." అంటే ఏమిటని అడిగాను. "పసివాడికి గండం" అని, అమ్మకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నారు. అమ్మకు ఒక తమ్ముడుండేవాడట, మూడో ఏట జ్వరం వచ్చి పోయాడు. వాడి జాతకంలోనూ చంద్రుడు ఎనిమిదో ఇంట్లోనే ఉన్నాడు. అప్పుడూ ఆయన ఆ కాగితాన్ని ఇలాగే మడిచి దాచారు. ఆ సంగతి విన్నాక నాకు నిద్రలో కూడా తమ్ముడి ఊపిరి వినిపించేది. నాకు చాలా భయం వేసింది, అది చెప్పుకోవడానికి ఆయన తప్ప ఎవరూ లేకపోవడంతో ఇంకా భయం వేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాన్ తాతయ్యకు స్నేహితుడయ్యాడు. అసలు పేరు కాన్‌స్టాంటీనోస్. గ్రీసు దేశంలో కితెరా అనే దీవిలో పుట్టి, కుర్రతనంలోనే ఓడెక్కి వచ్చి, క్వీన్స్‌లాండ్ లోపలి ఊళ్ళో ముప్పై ఏళ్ళు కఫే నడిపి, అది అమ్మేసి సన్నీబ్యాంక్ చేరినవాడు. కంచె పక్కన టొమాటోలు, వంకాయలు, ఏదో ఘాటైన ఆకు పెంచేవాడు. ఆదివారం మాంసం కాలుస్తుంటే ఆ ఆకు వాసన మా ఇంట్లోకి వచ్చేది, తాతయ్య మఫ్లరు ముక్కుకి అడ్డం పెట్టుకుని "వామ్ములాగే ఉందే" అనేవారు. ఒక ఉదయం తాతయ్య పెరట్లో తిరుగుతూ, ఆ పాడు లెక్కే కాబోలు, పైకి వల్లిస్తున్నారు. కేంద్రం, త్రికోణం, జామిత్రం. కంచె అవతల కాన్ నీళ్ళ పైపు ఆపేశాడు.

"నీ తాత గ్రీకు మాట్లాడుతున్నాడేంటి?" అన్నాడు నాతో, ఇంగ్లీషులో.

"గ్రీకు కాదు, అస్ట్రాలజీ" అన్నాను.

"కెంత్రో అన్నాడు. నేను విన్నా. కెంత్రో అంటే సెంటర్. ఇంకోటి త్రిగోనో."

తాతయ్యకు చెబితే ఆయన ముఖంలో వెలుగు వచ్చింది, అలాంటి వెలుగు నేను చూసి మూడు వారాలైంది. దగ్గరికి వచ్చి ఒక్కొక్క మాటే కంచె మీదుగా అందించడం మొదలుపెట్టారు. లగ్నానికి ఎదురుగా ఉండే ఏడో ఇల్లు జామిత్రం అంటే, కాన్ కాస్త ఆలోచించి, దియామెత్రోస్, వలయానికి అడ్డంగా ఎదురెదురుగా గీసే గీత అన్నాడు. భాగంలో, అంటే డిగ్రీలో, అరవయ్యో వంతు లిప్త అంటే, లెప్తో అంటే మాకు నిమిషం అన్నాడు. తాతయ్యకు ఇంగ్లీషు రాయడమే వచ్చు, కాన్ యాసలో ఒక్క ముక్కా అంతుపట్టేది కాదు, అందుకని మధ్యలో నిలబడి ఇటు తెలుగు, అటు ఇంగ్లీషు విసురుతూ నేను. వంటింట్లోంచి కాగితం తెమ్మంటే, చేతికందిన పంచాంగంలోంచి ఒక మడత కాగితం లాగి తెచ్చాను. అది ఆ చక్రం ఉన్న కాగితమేనని తాతయ్య చూశారు, ఒక్క క్షణం చెయ్యి ఆగింది. తిరగేసి, ఖాళీ వైపు రాయడం మొదలుపెట్టారు.

చివరికి గంటకు వాడే హోర అనే మాట దగ్గర తగువు వచ్చింది. అహోరాత్రంలో మొదటి అక్షరం, చివరి అక్షరం తీసేస్తే హోర వస్తుందని తాతయ్య నలభై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నారు. కాన్ తన చేతి గడియారం తట్టి చూపించాడు. "ఓరా. టైమెంత అని మా అమ్మ రోజూ అడిగే మాట. తి ఓరా ఇనే." తాతయ్య వాదించారు. నేను తర్జుమా చేశాను. మళ్ళీ వాదించారు. తర్వాత కంచె పట్టుకుని నిలబడి, "యవనుల దగ్గర నేర్చుకున్నామని మన పెద్దవాళ్ళే గౌరవంగా చెప్పుకున్నారు. అక్షరాలు తీసేసి మనదనిపించుకోవలసిన అగత్యం ఏవుందిలే" అన్నారు. తన తప్పు తానే ఒప్పుకోవడం ఆయనకు అంత తేలికైన పని కాదని నాకు తెలుసు. ఆ రోజు నుంచి కాన్ ఆయనకు యవనాచార్యులుగారు, ఆయన కాన్‌కి దాస్కలే. అంటే మాస్టారూ అని.

నాకు స్కూలు సెలవులు, ప్రతి ఉదయం పదింటికి కంచె దగ్గర సమావేశం. అటునుంచి చిన్న కప్పులో చిక్కటి కాఫీ, ఇటునుంచి స్టీలు గ్లాసులో మా కాఫీ. వాళ్ళ దీవికి దగ్గర్లో ఇంకో చిన్న దీవి ఉందని, అక్కడ స్పాంజీల కోసం మునిగేవాళ్ళకు సముద్రంలో పాత ఓడ కనిపించిందని, అందులో తుప్పు ముద్దలాంటి కంచు పెట్టె దొరికిందని కాన్ చెప్పాడు. లోపల పళ్ళ చక్రాలు, పిడి తిప్పితే సూర్యుడూ చంద్రుడూ తిరుగుతారు, గ్రహణం ఎప్పుడో కూడా చెబుతుంది, రెండువేల ఏళ్ళ కిందటిది. "పంచాంగానికి పిడి బిగించారన్నమాట" అని తాతయ్య చప్పట్లు కొట్టారు. పళ్ళెన్ని ఉంటాయి, అధికమాసం ఎలా సర్దారు అని ప్రశ్న మీద ప్రశ్న. కాన్‌కి తెలియదు. "ఐ సోల్డ్ మిల్క్ షేక్స్, దాస్కలే" అనేవాడు. ఇంకో రోజు, భూమి చుట్టుకొలత లెక్కగట్టిన గ్రంథాలయ అధికారి కథ చెప్పాడు. ఒక ఊళ్ళో ఏడాదికోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు బావి అడుగుకంటా కనిపిస్తాడు, నీడ ఉండదు. అదే సమయానికి ఆయన ఉత్తరాన దూరంగా తన ఊళ్ళో కర్ర పాతి నీడ కొలిచాడు. ఆ రెండు నీడల తేడా లోంచి భూమిని కొలిచాడు.

"ఆయన మా ఊరు రావాల్సింది" అన్నారు తాతయ్య. "పిఠాపురంలో ఏడాదికి రెండుసార్లు నీడ మాయమవుతుంది. జ్యేష్ఠ మాసంలో అయితే మధ్యాహ్నం వేళ శంకువుకి బెత్తెడు నీడ కూడా ఉండదు." శంకువంటే నీడ కొలిచే కర్ర. కాన్ నవ్వి, "గ్నోమోన్. సరే, చూపించు. దిస్ ఆర్వో పని లేదు నాకు" అన్నాడు, ఆర్వో అంటే ఇక్కడివాళ్ళకు మధ్యాహ్నం. తాతయ్య మా నాన్న క్రికెట్ వికెట్లలో ఒకటి తెచ్చి, దారానికి రాయి కట్టి నిటారుగా ఉందో లేదో చూసి, బట్టల దండెం పక్కన పచ్చిక తీసేసిన చోట పాతారు. పదకొండున్నర నుంచి పావుగంటకోసారి నీడ కొసన ఒక బట్టల క్లిప్పు గుచ్చడం నా పని. నీడ పొట్టిదవుతూ, పొట్టిదవుతూ, ఒకచోట ఆగి మళ్ళీ పెరగడం మొదలైంది. అన్నిటికన్నా పొట్టి నీడ దగ్గర తాతయ్య దారంతో కొలిచారు. అది కర్ర కంటే పొడుగుంది. దక్షిణానికి చాచి పడుకుని ఉంది.

తాతయ్య అక్కడే గడ్డిలో కూర్చుండిపోయారు. కాన్ కంగారుపడి నీళ్ళు తెస్తానన్నాడు. తాతయ్య నా చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మడూ, తమ్ముడు పుట్టాడని నాన్న ఫోన్ చేసినప్పుడు తెల్లారిందా?"

"లేదు తాతయ్యా. వీధి లైట్లు వెలుగుతున్నాయి."

"ముసురు పట్టిందనుకున్నాను నేను. యవనాచార్యులుగారిని అడుగు, ఇక్కడ జూన్‌లో పొద్దు ఎప్పుడు పొడుస్తుందో."

కాన్‌కి కఫే నాటి అలవాటు, నాలుగున్నరకే లేస్తాడు. "ఆరున్నర దాటాక. జూన్‌లో పేపరు టార్చిలైటు వేసుకుని వెతుక్కుంటా" అన్నాడు.

సూర్యోదయం ఆరుగంటలకు ఎంత ముందో ఎంత వెనకో చెప్పే లెక్కను చరం అంటారు. ఎండాకాలమైతే తీసెయ్యాలి, చలికాలమైతే కలపాలి. జ్యేష్ఠం ఇక్కడ చలికాలమని తోచక తాతయ్య తీసేశారు. బ్రిస్బేన్‌లో అయిదింటికే పొద్దు పొడిచేసిందని, పిల్లాడు పొద్దు పొడిచాక పుట్టాడని లెక్క వేసి, దాని మీద లగ్నం కట్టారు. "పంచాంగం జ్యేష్ఠం అంది, నా చెయ్యి ఎండాకాలపు లెక్క వేసింది. ఒళ్ళేమో మీ నాన్న స్వెటరులో వణుకుతూనే ఉంది. ఒంటిని అడగలేదే అమ్మడూ, పుస్తకాన్నే అడిగాను" అన్నారు. ఆయన కాలంలోనూ, ఆయన గురువుల కాలంలోనూ భూమధ్యరేఖకు ఇవతల పుట్టిన పిల్లాడికి జాతకం వేసినవాళ్ళెవరూ లేరు. తీసేసినదాన్ని కలిపి, నేల మీదే పుల్లతో మళ్ళీ చేశారు. ఈసారి బొటనవేలు ఎక్కడా ఆగలేదు. లగ్నం మిథునం నుంచి ఒక ఇల్లు వెనక్కి జరిగి వృషభమైంది. అక్కడి నుంచి లెక్కపెడితే మకరం తొమ్మిది. నేనూ వేళ్ళ మీద లెక్కపెట్టాను. తొమ్మిదే. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియక కాన్ నాకు ఒక టొమాటో కోసి ఇచ్చాడు.

తాతయ్య మట్టి చేతులతోనే లోపలికి వెళ్ళారు. అమ్మ తమ్ముడికి పాలిస్తోంది. "అమ్మా, వాడి చంద్రుడు తొమ్మిదో ఇంట్లో ఉన్నాడు. భాగ్యస్థానం" అన్నారు. అమ్మ తలెత్తకుండా, "ఇన్నాళ్ళూ ఎనిమిదిలో ఉన్నాడా నాన్నా?" అంది. నేను ఒట్టు తప్పలేదు, ఎవరూ చెప్పలేదు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఇంట్లో పెరిగిన పిల్లకు తండ్రి రెండో కాఫీ మానేస్తే చాలు, అర్థమైపోతుంది. సాయంత్రం నాన్న సంగతంతా విని, "నేనూ వచ్చిన కొత్తలో సోలార్ హీటర్‌ని దక్షిణం వైపు కప్పు మీద పెట్టించాను మామయ్యగారూ, ఇక్కడ ఎండ ఉత్తరం నుంచి పడుతుందని తెలియక, చలికాలమంతా చన్నీళ్ళే" అన్నారు. అందరం నవ్వాం. మాటల పట్టిక తనకు కావాలని మర్నాడు కాన్ అడిగి ఉంటాడు, తాతయ్య ఎర్రసిరాతో వెనకవైపు చక్రాన్ని కొట్టేసి ఇచ్చేసి ఉంటారు. సెలవులైపోయి నేను స్కూల్లో ఉన్నాను, ఇంటికొచ్చి ఆ కాగితమేదంటే "పోయిందిలే" అన్నారు, కాల్చేశారనుకున్నాను.

ఇప్పుడు నా ఫోన్‌లో ఊరూ సమయమూ కొడితే కన్ను మూసి తెరిచేలోగా లగ్నం చెబుతుంది. శ్రవణ్‌ది కొట్టి చూశాను. వృషభమే. నాకు జాతకాల మీద నమ్మకం లేదు, అయినా చూశాను. ఫోన్ ఏ అర్ధగోళంలోనూ పొరపాటు పడదు, దాన్ని పట్టుకున్న నాకు మాత్రం సూర్యుడు ఇప్పుడు ఏ దిక్కున ఉన్నాడో కిటికీలోంచి తొంగిచూస్తే గాని తెలియదు. ఆ ఇద్దరు ముసలివాళ్ళకు ఒకరి భాష ఒకరికి రాదు. పాతిక మాటలూ, ఒక క్రికెట్ వికెట్టూ చాలాయి. అంత కుతూహలంగా ఎవరితోనైనా కంచె దగ్గర నిలబడి మాట్లాడి ఎన్నేళ్ళైందో గుర్తు చేసుకోవాలంటే సిగ్గేస్తోంది.

శ్రవణ్ ఇప్పుడు పెర్త్‌లో, కానింగ్ వేల్‌లో ఉంటున్నాడు. వాడికో కూతురు. వాడికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఎప్పుడూ ఇంగ్లీషే. ఆదివారం వీడియో కాల్‌లో ఆ కాగితం చూపించాను. "వాట్ డస్ ఇట్ సే, అక్కా? ఆ కింద?" అన్నాడు. చదివాను.

"శ్రీ సూర్యనారాయణమూర్తివారి దివ్య సముఖమునకు. అయ్యా, పై జాతకునికి గల గండమును నా పేరిట బదిలీ చేయవలసినదిగా ప్రార్థించుచున్నాను. ఇట్లు, తమ విధేయుడు." సంతకం. కింద, రిటైర్డు లెక్కల మాస్టరు.

బదిలీ అంటే ట్రాన్స్‌ఫర్ అని చెప్పాల్సి వచ్చింది. తాతయ్య తొంభై దాటేదాకా నిక్షేపంలా బతికారు, ఆ అర్జీ ఎవరూ మంజూరు చేసినట్టు లేదు అని నవ్వించబోయాను. వాడు నవ్వలేదు.

"బట్ ద చార్ట్ వజ్ రాంగ్, రైట్?"

"తప్పే. అందుకే కొట్టేశారు."

కాగితాన్ని కెమెరాకి దగ్గరగా పెట్టమన్నాడు. పెట్టాను. అటుపక్క వాడి కూతురు ఏదో అడుగుతోంది, వాడు కళ్ళు చిట్లించి తెర మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ తెలుగులో అన్నాడు.

"అక్కా, బొమ్మ కొట్టేశారు. కింద రాసింది కొట్టెయ్యలేదు."